మాంద్యం వేళ ప్రభుత్వ ఖర్చు: అందేసరికి ఆలస్యమేనా?

మల్లేశ్వరం విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
మాంద్యంలో ప్రభుత్వం ఖర్చు పెంచాలన్న వాదనతో నాకు పేచీ లేదు. ఆ డబ్బు జనానికి అందేలోపు మాంద్యమే వెళ్లిపోతుందన్నదే నా అభ్యంతరం. అమెరికాలో 2007 డిసెంబరులో మొదలైన మాంద్యాన్ని, ఆ తేదీలు నిర్ణయించే అక్కడి ఆర్థికవేత్తల కమిటీ ప్రకటించింది 2008 డిసెంబరులో. మందగించిన ఆర్థిక వ్యవస్థకు ఊతమిచ్చే 787 బిలియన్ డాలర్ల ఉద్దీపన చట్టంపై ఒబామా 2009 ఫిబ్రవరి 17న సంతకం చేశారు. ఆ జూన్‌కే మాంద్యం ముగిసింది. నిర్మాణాలు ఎంత నిదానమో చెప్పడానికి మన బెంగళూరుకు పొరుగునున్న చెన్నై మెట్రో చాలు: 2009 జూన్‌లో పనులు మొదలుపెడితే మొదటి రైలు 2015 జూన్ 29న కదిలింది.

మారతహళ్లి కాంట్రాక్టరు:
అయ్యా, రైలు కదిలిన రోజును లెక్కలోకి తీసుకుంటే ఎలా? కూలీలకు మొదటి వారం బట్వాడా జరిగిన రోజునే ఆ డబ్బు బజారులోకి వచ్చింది. అయితే భూసేకరణ, పైపులైన్ల మార్పిడి అవసరమయ్యే పనులను మాంద్యానికి మందుగా ఎంచుకోకూడదన్న మాట నిజం. పాఠశాల పైకప్పు బాగుచేయడానికో, కాలువ పూడిక తీయడానికో ఎవరి భూమీ సేకరించనక్కరలేదు. మీరు చెప్పని ఆలస్యం మరొకటి ఉంది. 2020లో నేను పూర్తిచేసిన ఒక రోడ్డు మరమ్మతుకు, చేసిన పనిని అధికారులు లెక్కరాసే కొలతల పుస్తకంలో అన్నీ నమోదైనా, బిల్లు రావడానికి 14 నెలలు పట్టింది. ఆ లోపు కూలీలకు నేనిచ్చినది ఇంట్లో నగలు కుదువపెట్టి తెచ్చిన సొమ్ము. ఉద్దీపన నాదా, ప్రభుత్వానిదా?

కె.ఆర్.పురం అధ్యాపకురాలు:
గుర్తించడం, నిర్ణయించడం, అమలుచేయడం అనే మూడు ఆలస్యాలను ఒకే గాటన కట్టడం వల్ల ఈ తగువు తెగడం లేదు. 2008 డిసెంబరు 7న కేంద్రం, ఫ్యాక్టరీల్లో తయారయ్యే సరుకులపై వేసే ఎక్సైజు సుంకాన్ని 14 నుంచి 10 శాతానికి తగ్గించినప్పుడు టెండర్ల గొడవే లేదు. 2020 ఏప్రిల్‌లో మహిళల జన్‌ధన్ ఖాతాల్లో డబ్బు త్వరగానే పడింది, కాకపోతే నెలకు 500 రూపాయలు, మూడు నెలలే. వేగం ఉన్నచోట మొత్తం చాలలేదు. నా దృష్టిలో మేలైనది అప్పటికే నడుస్తున్న ఉపాధి హామీ: 2005 చట్టం ప్రకారం అడిగిన 15 రోజుల్లో పని చూపాల్సి ఉండేది కనుక, 2020 బడ్జెట్‌లోని 61,500 కోట్లకు మే నెలలో మరో 40,000 కోట్లు కలిపితే సరిపోయింది, కొత్త యంత్రాంగం అక్కరలేకపోయింది. బెంగళూరు నుంచి అనంతపురం పల్లెలకు తిరిగివెళ్లినవారికి ఆ దారి ఉండింది. ఇక్కడి షెడ్లలోనే ఉండిపోయినవారికి లేదు, ఎందుకంటే ఆ చట్టం గ్రామాలకే.

మల్లేశ్వరం విశ్రాంత బ్యాంకు ఉద్యోగి:
అమ్మా, సుంకం ఉదాహరణ నాకే పనికొస్తుంది. 2009 ఫిబ్రవరిలో దాన్ని 8 శాతానికి దించి, మళ్లీ 10కి పెంచింది 2010 బడ్జెట్‌లో. అప్పటికే టోకు ధరల ద్రవ్యోల్బణం 10 శాతానికి చేరువైంది, అంటే ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవడమూ ఆలస్యమే. ముందే రాసిపెట్టుకున్న నిబంధన ప్రకారం ఖర్చు దానంతటదే పెరిగి, దానంతటదే తగ్గాలంటే ఒప్పుకుంటాను. కానీ ఏ అంకెను చూసి? 2020 ఏప్రిల్–జూన్ జీడీపీ 23.9 శాతం పడిపోయిందని తెలిసింది ఆగస్టు 31న కదా.

మారతహళ్లి కాంట్రాక్టరు:
జీడీపీ దాకా ఎందుకండీ? నా సిమెంటు లోడుకు ఈ-వే బిల్లు, అంటే సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం, తీసిన క్షణమే అది ప్రభుత్వ కంప్యూటరులోకి ఎక్కుతుంది. ఆ అంకెనే చూడొచ్చు కదా.