ఇంగ్లిష్‌ల ప్రతి వాక్యం ప్రశ్నలెక్క వినిపిస్తున్నదట – స్వరం ఎక్కడ దించాలె?

హనుమకొండ_బీకాం:
అందరికీ నమస్తే. డిగ్రీ ఫైనలియర్, వాయిస్ ప్రాసెస్ (ఫోన్ల మాట్లాడే కాల్ సెంటర్) ఉద్యోగాలకు తయారయితున్న. గ్రామర్ సరే, పదాలూ సరే. మాక్ ఇంటర్వ్యూలల్ల మాత్రం రెండే కంప్లయింట్లు: "ఫ్లాట్‌గ ఉన్నది", "చివరికి వచ్చేసరికి అడిగినట్టున్నది". ఒకే మనిషి మాట ఫ్లాట్‌గ, ప్రశ్నలెక్క రెండు తీర్ల ఎట్లుంటది? ఏ పదం మీద స్వరం లేపాలె, ఎక్కడ దించాలె అనేదానికి లెక్క ఏమన్న ఉన్నదా, లేకపోతే విని విని పట్టుకోవాల్సిందేనా? ఇంట్ల ఒక్కన్నే ఎట్ల ప్రాక్టీస్ చెయ్యాలె?

ధ్వని_పాఠం:
రెండూ ఒకేసారి ఉంటాయి తమ్ముడూ. అన్ని పదాలకూ ఒకే బరువు ఇస్తే ఫ్లాట్. ప్రతి ముక్క (ఒక్క గుక్కలో అనే నాలుగైదు పదాలు) చివరా కాస్త లేపి వదిలేస్తే ప్రశ్న. వాక్యంలో ముఖ్యమైన పదమేదో ఎంచుకోకుండా నోరు తెరవడమే రెండింటికీ మూలం.

తెలుగులో ఈ పని ప్రత్యయాలు చేసిపెడతాయి. 'వచ్చినవా' అంటే చివరి 'ఆ' చాలు, అది ప్రశ్నే. 'నేనే', 'నిన్ననే' అంటే నొక్కి చెప్పడం అయిపోయింది. 'కదా' పెడితే ఒప్పుకొమ్మన్నట్టు. ఇంగ్లిష్‌లో ఆ బరువులో చాలా భాగం స్వరం మీదే పడుతుంది.

ఒక్క వాక్యం తీసుకో. ↘ గుర్తు పెట్టిన చోట స్వరం పైనుంచి అడుక్కు దిగాలి. ఆ తర్వాత వచ్చే పదాలన్నీ అడుగునే ఉండాలి, మళ్లీ లేవొద్దు.

ఐ రోట్ దిస్ రి↘పోర్ట్ – మామూలుగా చెప్పడం.
ఐ రోట్ ↘దిస్ రిపోర్ట్ – ఈ రిపోర్టే, ఇంకోటి కాదు.
ఐ ↘రోట్ దిస్ రిపోర్ట్ – దిద్దడం కాదు, రాసిననే.
↘ఐ రోట్ దిస్ రిపోర్ట్ – నేనే రాసిన.

పదాల వరుస మారలేదు, కానీ తెలుగులో 'నేనే'లోని 'ఏ' చేసే పని జరిగిపోయింది. ఈ నాలుగూ తేడా తెలిసేలా అనడం రానిదే ముందుకు పోవద్దు.

ప్రత్యేకంగా దేన్నీ నొక్కాల్సిన అవసరం లేనప్పుడు, ముక్కలోని చివరి అర్థవంతమైన పదం మీద దిగాలి. 'ఇట్', 'దెమ్', 'టు', 'ఫర్' లాంటివి లెక్కలోకి రావు. మనవాళ్లు ఎక్కువగా తప్పేది రెండు చోట్ల. ఒకటి జంట పదాలు: '↘బస్ స్టాండ్' అనాలి, మనం 'స్టాండ్' మీద దించుతాం. రెండోది, ఎదుటివాళ్లు అప్పటికే అన్న పదాన్ని మళ్లీ నొక్కడం. "హ్యావ్ యు బీన్ టు వరంగల్?" అని అడిగితే "ఐ ↘లివ్ ఇన్ వరంగల్" అనాలి. అక్కడ వరంగల్ పాత సంగతి, కాబట్టి అది అడుగునే.

ఇక దిశ. చెప్పే వాక్యాలకు, 'వాట్', 'వేర్', 'వై' ప్రశ్నలకు ↘. అవునా కాదా ప్రశ్నలకు ↗, అంటే స్వరం పైకి. 'వేర్ డు యు ↗వర్క్' అన్నా తప్పేం కాదు, కొంచెం మెత్తగా ఉంటుంది. కానీ '↗వేర్' మీదే లేపితే 'ఎక్కడన్నరూ? సరిగ్గా వినపడలేదు' అన్నట్టు. 'యు ఫినిష్డ్ ఇట్, ↘డిడన్ట్ యు' అంటే మన 'కదా'. అదే '↗డిడన్ట్ యు' అంటే నిజంగానే తెలియక అడగడం.

ఇంటర్వ్యూలో జాగ్రత్తగా ఉండాల్సింది దిగి మళ్లీ లేచే స్వరంతో. 'ఐ నో ↘↗జావా' అంటే వినేవాళ్లకు 'జావా అయితే వచ్చు గానీ...' అని వినిపిస్తుంది. గానీ తర్వాత ఏముందో వాళ్లు అడుగుతారు.

కాజీపేట_ఆడియో:
ఒక్కనివే ప్రాక్టీస్ చేసేటట్టయితే, గొంతు రికార్డ్ చేసి స్వరాన్ని గీతలెక్క చూపించే ప్రాట్ వేసుకో. ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంల బోయర్స్మా, వీనింక్ తయారు చేసిన సాఫ్ట్‌వేర్, ఫ్రీ. న్యూ మెనూల 'రికార్డ్ మోనో సౌండ్', ఆపినంక 'సేవ్ టు లిస్ట్', తర్వాత 'వ్యూ అండ్ ఎడిట్'. నీలి గీత కనిపిస్తది, అదే పిచ్, అంటే స్వరం ఎంత పైన, ఎంత కింద ఉన్నదనేది. పిచ్ సెట్టింగ్స్‌ల మగ గొంతుకు 75–300 హెర్ట్జ్, ఆడ గొంతుకు 100–500 పెట్టుకోవాలె. పరిధి సరిగ్గ లేకుంటే గీత ఉన్నట్టుండి సగానికో, రెండింతలకో దుంకుతది. అది నీ గొంతు తప్పు కాదు. ఫ్యాన్ బంద్ చేసి, మైక్ నోటికి జానెడు దూరంల పక్కకు పెట్టు.

గీత మధ్యమధ్యల తెగుతుంటే భయపడకు. 'స', 'ప', 'క' లాంటి శబ్దాల దగ్గర కంఠతంత్రులు కదలవు, గీత రాదు. అందుకే మొదట్ల తెగని వాక్యం పట్టుకో: 'వుయ్ లివ్ ఇన్ వరంగల్'. అన్నీ నాదం ఉన్న (కంఠతంత్రులు కదిలే) శబ్దాలే, గీత ఒకటే తీగ లెక్క వస్తది. ఇంకోటి, వాక్యం చివర గొంతు బాగ దిగినప్పుడు గరగర వచ్చి గీత మాయమయితది. దిగింది కాబట్టే మాయమయింది, దాన్ని సరిచేయబోయి మళ్లీ లేపకు.

నువ్వు విని అనుకరించే మోడల్ గొంతుతోని హెర్ట్జ్ పోల్చకు, సెమీటోన్లల్ల (సంగీతంల పక్కపక్క స్వరస్థానాల నడుమ ఉండే దూరం) చూడు. 180 నుంచి 90కి దిగితే 12 సెమీటోన్లు. 300 నుంచి 200కి దిగితే 7. హెర్ట్జ్‌లల్ల రెండోదే పెద్దగ కనిపిస్తది గానీ చెవికి పెద్ద దిగుడు మొదటిదే.

శిక్షణ_మేడమ్:
పైవాళ్లు చెప్పింది సరైనదే, కానీ దానికంటే ముందు పదం లోపలి ఒత్తు, అంటే పదంలో ఏ సిలబుల్ (ఒక అచ్చు చుట్టూ ఉండే పలుకు ముక్క) నొక్కి పలకాలన్నది, సరిచేసుకోవాలి బాబూ. స్వరం దిగేది ఒత్తు ఉన్న సిలబుల్ మీద. ఒత్తే తప్పితే రాగం తప్పు చోట వాలుతుంది. 'డి↘వెలప్', '↘మేనేజ్‌మెంట్', 'ఇంజ↘నీరింగ్'. 'షన్', 'ఇక్', 'ఇటీ'తో ముగిసే పదాల్లో ఒత్తు సాధారణంగా వాటికి ముందున్న సిలబుల్ మీద ఉంటుంది. 'పాలిటిక్స్' లాంటివి కొన్ని తప్పించుకుంటాయి. 'జాబు', 'వర్కు' అని చివర 'ఉ' చేర్చడం కూడా మానాలి. దిగిన స్వరం మళ్లీ లేవడానికి ఆ అచ్చే చోటిస్తుంది.

రాగాల దిశ గురించి మరీ హైరానా పడొద్దని నా అభిప్రాయం. బెల్‌ఫాస్ట్‌లో మామూలు వాక్యాలు కూడా లేస్తూనే ముగుస్తాయి. ఆస్ట్రేలియాలో, న్యూజిలాండ్‌లో కూడా అలా మాట్లాడేవాళ్లు చాలామంది. వేర్వేరు మాతృభాషలవాళ్లు ఇంగ్లిష్‌లో ఒకరికొకరు అర్థం కావడానికి ఏవి తప్పనిసరో భాషా పరిశోధకురాలు జెన్నిఫర్ జెన్కిన్స్ 2000లో ప్రతిపాదించినప్పుడు, ముఖ్య పదాన్ని నొక్కడం అందులో ఉంచారు, స్వరం ఏ దిక్కుకు పోవాలన్నది ఉంచలేదు. కాబట్టి ముందు ఏ పదం అన్నది తేల్చుకో, పైకా కిందికా అన్నది తర్వాత.

ప్రాక్టీస్ ఇలా: నీ సెల్ఫ్ ఇంట్రడక్షన్ రాసి, నాలుగైదు పదాలకు ఒక గీత పెట్టు. ప్రతి ముక్కలో ఒక్క పదం కిందే గీటు. ముందు పెదాలు మూసి 'మ్‌మ్' అంటూ రాగం ఒక్కటే పలుకు, తర్వాత మాటలతో. 'ఐ డిడ్ మై బీ↗కామ్ / ఇన్ హనుమ↘కొండ.' మధ్యలో లేస్తే 'ఇంకా ఉంది' అని, దిగితే 'అయిపోయింది' అని. ఒక ముక్కలో రెండు గీట్లు పెట్టాలనిపిస్తే, ఆ ముక్కను రెండుగా విడగొట్టు.

హనుమకొండ_బీకాం:
చాలా థాంక్స్ మేడమ్, అన్నా. గీట్లు పెట్టుడు ఇయ్యాల్నే మొదలువెడ్త. ఫోన్ నంబర్ చెప్పేటప్పుడు, రామప్ప, లక్నవరం, బొగత అని వరుసగ చెప్పేటప్పుడు గూడ ఇదే లెక్కనా?

కాజీపేట_ఆడియో:
అదే. ↗రామప్ప, లక్న↗వరం, అండ్ ↘బొగత. నంబరయితే మూడు, మూడు, నాలుగు అంకెలుగ విడగొట్టు. మొదటి రెండు గుంపులల్ల ఆఖరి అంకె ↗, మూడో గుంపుల ఆఖరి అంకె ↘. గుంపుకూ గుంపుకూ నడుమ అర సెకను ఆగు, అంకెకూ అంకెకూ నడుమ ఆగకు. ఆఖరి అంకె గూడ లేపినవనుకో, అవతలాయన పదకొండో అంకె కోసం పెన్ను పట్టుకొని కూసుంటడు.