అప్‌డేట్: కొంపల్లి కమర్షియల్ బిల్డింగ్‌కి కాంట్రాక్టర్ ఫైనల్ అయ్యాడు

మొన్న కొంపల్లిలో మా జీ ప్లస్ త్రీ (గ్రౌండ్ ఫ్లోర్, పైన మూడు అంతస్తులు) కమర్షియల్ బిల్డింగ్‌కి ఎస్‌ఎఫ్‌టీ (చదరపు అడుగు) రేటు తక్కువ చెప్పినాయనకి ఇవ్వాలా, ఎక్కువ చెప్పినాయనకి ఇవ్వాలా అని అడిగా కదా, ఎక్కువ రేటాయనకే ఇచ్చేశాం. "నడుస్తున్న సైట్ చూపించమనండి" అని ఒకరు చెప్పారు చూడండి, అదే పనికొచ్చింది. తక్కువ రేటాయన సైట్‌లో స్లాబ్ స్టీల్ కింద కవర్ బ్లాకులే (స్టీల్‌ని కింద నుంచి కాస్త ఎత్తి పెట్టే చిన్న దిమ్మలు) లేవు, కంకర రాళ్లు దోపి పెట్టారు, క్యూబ్ టెస్ట్ (కాంక్రీట్ దిమ్మలు పోసి బలం చూసే టెస్ట్) రిపోర్ట్ అడిగితే "మన మిక్స్‌కి రిపోర్ట్ ఎందుకు సార్" అంటాడు! పైగా కొటేషన్‌లో 18% జీఎస్టీ కలపలేదు, సెల్లార్ తవ్వకంలో రాయి తగిలితే ఎక్స్‌ట్రా అంట, ఎంతో చెప్పడు, హైదరాబాద్‌లో రాయి తగలకుండా ఉంటదా అసలు. రెండో ఆయన ఎం25 గ్రేడ్ కాంక్రీట్‌వి 7 రోజుల క్యూబ్ టెస్ట్ రిపోర్టులు, 28 రోజులవి కూడా ఫైల్ తీసి ముందర పెట్టాడు. రాయి కొట్టే రేటు క్యూబిక్ మీటర్ లెక్కన అగ్రిమెంట్‌లోనే రాయించాం, ప్రతి బిల్లులో 5% ఆపి, పని అయిన ఏడాదికి లీకేజీలు గీకేజీలు లేవంటేనే ఇస్తాం. అడ్వాన్స్ దగ్గర మాత్రం మా బావగారు ఇంకా బేరమాడుతూనే ఉన్నారు. ఫుటింగులు (పిల్లర్ల పునాదులు) పడ్డాక ఫొటోలు పెడతా.