గేటు దాటిన సమయాన్ని ఏ డేటా రకంలో దాచాలి?

ప్రశ్న (హనుమకొండ):
ఎనుమాముల మార్కెట్‌కు వచ్చే పత్తి బండ్ల వివరాలు నమోదు చేసే చిన్న ప్రోగ్రామును పైథాన్‌లో రాస్తున్నాను. సర్వర్ యూటీసీలో (మనకంటే ఐదున్నర గంటలు వెనకుండే అంతర్జాతీయ ప్రామాణిక సమయంలో) నడుస్తున్నందున, వేకువన 4:40కి గేటు దాటిన బండి క్రితం రోజు 23:10కి వచ్చినట్లు కనిపిస్తోంది. మా లెక్కలన్నీ తేదీవారీగా ఉంటాయి. విలువకు ఐదున్నర గంటలు కలిపి, టైమ్‌జోన్ లేని డేట్‌టైమ్‌గా (తేదీ, గంట కలిపి ఉంచే పైథాన్ రకంగా) దాచితే సరిపోదా? దేశమంతటికీ ఒకటే సమయం కదా.

జవాబు (కాజీపేట):
కలిపి దాచకండి. కలిపిన విలువకూ కలపని విలువకూ చూపులో తేడా ఉండదు కనుక, తర్వాత ఆ టేబుల్ తెరిచినవారు మరో ఐదున్నర గంటలు కలిపేస్తారు. గేటు దాటడం జరిగిపోయిన సంఘటన. దానికి కావలసింది కాలరేఖపై ఒక బిందువు, అంటే 1970 జనవరి 1న యూటీసీ అర్ధరాత్రి (మనకు ఆ ఉదయం 5:30) నుంచి లెక్కించే సెకన్లు. జావా 2014లో వచ్చిన 8వ వెర్షన్‌లో ఇటువంటి బిందువుకు ఇన్‌స్టంట్ అనీ, గోడ గడియారం చూపే అంకెలకు లోకల్‌డేట్‌టైమ్ అనీ వేర్వేరు రకాలు పెట్టింది. పైథాన్‌లో రెండింటికీ డేట్‌టైమ్ ఒక్కటే. టైమ్‌జోన్ ఉన్న విలువను లేనిదానితో ముందువెనకలకు పోల్చితే దోషం చూపుతుంది. సమానమా అని అడిగితే మాత్రం చప్పుడు చేయకుండా కాదంటుంది, నాకు అదే ఎక్కువ ప్రమాదకరంగా తోస్తుంది. కాబట్టి నౌ ఫంక్షన్‌కు యూటీసీ టైమ్‌జోన్‌ను ఇచ్చి విలువ తీసుకోండి, యూటీసీనౌ అనే ఫంక్షన్ జోలికి వెళ్లకండి. అది టైమ్‌జోన్ లేని విలువనే ఇస్తుంది, పైథాన్ 3.12 వెర్షన్ నుంచి దాన్ని వాడవద్దనే చెబుతున్నారు. తేదీని మాత్రం ఆసియా/కోల్‌కతాలోకి (మన దేశ సమయపు టైమ్‌జోన్ పేరు ఇది) మార్చిన తర్వాతే తీయండి.

జవాబు (కరీంనగర్):
దేశానికి ఈ ఐదున్నర గంటల తేడాయే అన్ని కాలాల్లోనూ లేదు. 1942 నుంచి 1945 వరకు యుద్ధకాలంలో మన గడియారాలు యూటీసీకి ఆరున్నర గంటలు ముందుండేవి. మీ పత్తికి అది అక్కరలేదనుకోండి. అయితే రేపటి వేలం వంటి రాబోయే సమయాలను స్థానిక తేదీ, గంట, టైమ్‌జోన్ పేరుగానే దాచండి, ఎందుకంటే ఈలోగా నియమం మారినా వేలం జరిగేది గోడ గడియారం ప్రకారమే. బండి ఎంతసేపు ఆగిందన్నది రెండు బిందువుల తేడాతో తెలుస్తుంది. ప్రోగ్రాము వేగాన్ని కొలవడానికి మాత్రం వెనక్కి జరగని మోనోటోనిక్ గడియారం వాడాలి.

ప్రశ్న అడిగినవారు:
సర్వర్‌కు మారకముందు ఆఫీసు కంప్యూటర్‌లో స్థానిక సమయంతో చేసిన పాత నమోదుల సంగతేమిటి?

జవాబు (కాజీపేట):
వాటికి డేట్‌టైమ్‌లోని రీప్లేస్ ఫంక్షన్‌తో జోన్‌ఇన్ఫో (పైథాన్‌తోపాటే వచ్చే టైమ్‌జోన్ల లైబ్రరీ) టైమ్‌జోన్ తగిలించి, అంకెలు మార్చకుండా, ఆపైన యూటీసీలోకి మార్చండి. నేరుగా యాజ్‌టైమ్‌జోన్ అనే మార్పిడి ఫంక్షన్‌ను పిలిస్తే, అది ఆ విలువను సర్వర్ స్థానిక సమయంగా, అంటే యూటీసీగా భావిస్తుంది. పాత పైట్జ్ లైబ్రరీతో మాత్రం రీప్లేస్ వాడకండి. అది ఐదున్నర గంటలకు బదులు పాత కలకత్తా స్థానిక సమయపు 5:53 తేడాను అంటిస్తుంది.