ఢిల్లీలో ఇందిరమ్మ ఇల్లు, బిర్లా హౌస్, తీన్‌మూర్తి: ఒక్క రోజులో అవుతాయా?

ప్రశ్న (పయనం_72)
డిసెంబరులో ఢిల్లీ వెళ్తున్నాం. ఊరు చూడ్డానికి మిగిలింది ఒక్క సోమవారం. సఫ్దర్‌జంగ్ రోడ్డులో ఇందిరా గాంధీ ఇల్లు, గాంధీగారిని కాల్చిన బిర్లా హౌస్, నెహ్రూగారి తీన్‌మూర్తి భవన్, మూడూ చూడాలని ఉంది. మాతో డెబ్బై ఏళ్ల అమ్మ, ఎనిమిదేళ్ల బాబు ఉంటారు. అమ్మ ఎక్కువ నడవలేరు, తెలుగు తప్ప చదవలేరు. కాల్చినప్పుడు ఇందిరా గాంధీ కట్టుకున్న నెత్తురు మరకల చీర కూడా ఆమె ఇంట్లో పెట్టారట, బాబుకి చూపించొచ్చా? ఏది ముందు చూడాలి?

జవాబు (రాజధాని_దారులు)
ముందుగా మీరు వెళ్లే రోజు మార్చుకోండి. సోమవారం ఆ మూడింటికీ సెలవు. గేటు దాకా వెళ్లి వెనక్కి తిరిగే తెలుగువాళ్లలో చాలామందికి జరిగేది ఇదే. మంగళవారానికి జరపగలిగితే బాగుంటుంది. శని, ఆదివారాల్లో సఫ్దర్‌జంగ్ రోడ్డు దగ్గర టూరిస్టు బస్సులు దిగుతాయి, అమ్మగారిని వరసలో నిలబెట్టాల్సి వస్తుంది.

తీన్‌మూర్తిని ఈ జాబితాలోంచి తీసేయండి. 2022 ఏప్రిల్ 14 నుంచి అది ప్రధానమంత్రుల సంగ్రహాలయం. నెహ్రూగారు ఉన్న పాత భవనంతో పాటు కొత్త భవనం కూడా తిరగాలి. దానికి టికెట్టుంది, పూట పడుతుంది. మిగతా రెండూ ఉచితం, ఒక్కోదానికి గంట, గంటన్నర చాలు.

మెట్రో అయితే ఎల్లో లైన్‌లో లోక్ కల్యాణ్ మార్గ్ స్టేషన్‌లో దిగండి. న్యూఢిల్లీ రైల్వే స్టేషన్ దగ్గర ఎక్కితే ఐదో స్టేషన్, లైను మారక్కర్లేదు. అక్కణ్నుంచి ఒకటో నంబరు సఫ్దర్‌జంగ్ రోడ్డుకి కిలోమీటరు లోపే, అయినా అమ్మగారి కోసం ఆటో మాట్లాడుకోండి. పెద్ద సంచులు తేవద్దు, గేటు దగ్గర తనిఖీ ఉంటుంది.

జవాబు (పాత_కాగితాలు)
ఇందిరా గాంధీ ఇంట్లో తొందరపడితే అసలు చూడాల్సింది జారిపోతుంది. మొదటి గదుల్లో గోడల నిండా ఫోటోలు, పత్రికల కత్తిరింపులు. జనం అక్కడే చదువుతూ ఆగిపోతారు, తోటలోకి వచ్చేసరికి కాళ్లు లాగుతుంటాయి. కత్తిరింపులు పైపైన చూసి వదిలేయండి, ఓపికంతా తోటలో ఆమె చివరిసారి నడిచిన దారికి దాచుకోండి.

ఆమె చదువుకునే గది, భోజనాల గది, పూజ గది అద్దాల వెనక ఉంటాయి. ఎండ పడితే అద్దంలో మన మొహమే కనిపిస్తుంది. ఎదురుగా కాకుండా కాస్త పక్కకి జరిగి, కంటి పక్కన అరచెయ్యి అడ్డుపెట్టి చూస్తే పుస్తకాల అట్టలు కూడా తెలుస్తాయి.

1984 అక్టోబర్ 31 పొద్దున తొమ్మిది దాటాక ఆమె ఇంట్లోంచి అక్బర్ రోడ్డు వైపున్న ఆఫీసుకి నడిచి వెళ్తున్నారు. అక్కడ బ్రిటిష్ నటుడు పీటర్ ఉస్తినోవ్ ఇంటర్వ్యూ కోసం ఎదురుచూస్తున్నారు. ఆమె నడిచిన ఆ బాట మీద ఇప్పుడు స్ఫటికం పరిచారు, పారే నీళ్లలా అలలుగా ఉంటుంది. ఒక్కచోట మాత్రం అలలు ఉండవు, మామూలు గాజే. ఆమె పడిపోయింది అక్కడ. వంగి చూస్తే గాజు కింద గోధుమరంగు మరకలు కనిపిస్తాయి. అమ్మగారికి ఆ తేడా ముందే చెప్పండి, లేకపోతే గమనించకుండా దాటిపోతారు.

అక్కడ రాసి ఉండేది హిందీ, ఇంగ్లీషుల్లోనే. కాబట్టి ఆటోలోనే మూడు ముక్కలు చెప్పేయండి: ఎక్కణ్నుంచి ఎక్కడికి నడుస్తున్నారు, కాల్చింది ఆమె సొంత అంగరక్షకులే, 1977 నుంచి 1980 దాకా పదవిలో లేనప్పుడు ఈ ఇంట్లో లేరు.

జవాబు (తీస్_జనవరి)
నేనైతే బిర్లా హౌస్‌తో మొదలుపెట్టమంటాను. దానికిప్పుడు గాంధీ స్మృతి అని పేరు, తీస్ జనవరి మార్గ్‌లో ఉంది, పది గంటలకి తెరుస్తారు. పొద్దున తోటలో జనం ఉండరు, అక్కడ నిశ్శబ్దమే ముఖ్యం. సఫ్దర్‌జంగ్ రోడ్డుకీ దీనికీ కిలోమీటరు పైచిలుకే.

ఆటోవాళ్లతో ‘గాంధీ మ్యూజియం’ అనకండి, రాజ్‌ఘాట్ దగ్గర దింపేస్తారు. అది దహనం జరిగిన చోటు. దానికి దగ్గర్లోని జాతీయ గాంధీ మ్యూజియం వేరు, గాంధీగారి నెత్తురంటిన బట్టలు ఉన్నది అక్కడ. మీరు వెళ్లాల్సింది ‘బిర్లా హౌస్’.

1947 సెప్టెంబర్ 9 నుంచి చివరిదాకా, 144 రోజులు ఆయన ఇక్కడున్నారు. 1948 జనవరి 13న చివరి నిరాహారదీక్ష మొదలుపెట్టిందీ ఇక్కడే. గదిలో నేలమీద పరుపు, పొట్టి బల్ల. వస్తువుల్లో సబ్బుకి బదులు వాడిన గరుకు రాయిని బాబుకి చూపించండి, పిల్లలకి అలాంటివే గుర్తుంటాయి. గది గుమ్మం నుంచి ప్రార్థన స్థలం దాకా ఆయన చివరి అడుగుల్ని సిమెంటులో పాదాలుగా పోశారు. వాటి పక్కనే నడవండి, తొక్కొద్దు. పైఅంతస్తులో మల్టీమీడియా ప్రదర్శన ఉంది, మెట్లెక్కడం కష్టమైతే అమ్మగారు కింద తోటలో కూర్చోవచ్చు.

పయనం_72
మంగళవారానికి మార్చాం, ముందు బిర్లా హౌస్. చీర సంగతి ఎవరూ చెప్పలేదు.

జవాబు (పాత_కాగితాలు)
చీర అద్దాల పెట్టెలో ఉంటుంది. కాషాయరంగుది, తూటాల చిల్లులు తెలుస్తాయి. చెప్పులు, చేతిసంచీ కూడా పెట్టారు. 1991 మే 21న శ్రీపెరంబుదూరు పేలుడులో చిరిగిపోయిన రాజీవ్ గాంధీ బట్టల పీలికలూ అక్కడున్నాయి, చూడ్డానికి చీర కన్నా అవే కష్టం. లోపల అందరూ ఒకే వరసలో కదులుతారు, వెనక నుంచి జనం నెడుతుంటారు, ఆ క్షణంలో పిల్లాడికి నచ్చజెప్పడం కుదరదు. ముందురోజే చెప్పి, చూస్తాడో లేదో వాడినే అడగండి. వద్దంటే మీలో ఒకరు వాడితో ఆగకుండా ఆ పెట్టెలు దాటి తోటవైపు నడవండి, మిగతావాళ్లు నెమ్మదిగా రావచ్చు. మధ్యాహ్నం మూడింటికల్లా అక్కడ ఉండేలా చూసుకోండి, సాయంత్రం ఐదు లోపే మూసేస్తారు.