ఆదికాండము 15:6: అబ్రాముకు దేవుడు నీతిగా ఎంచింది దేన్ని?

వాక్యపాఠం
పెద్దల బైబిలు తరగతికి రోమా 4వ అధ్యాయం పాఠం సిద్ధం చేస్తున్నాను. అబ్రాము యెహోవాను నమ్మాడు, దేవుడు దాన్ని అతనికి నీతిగా ఎంచాడు అని ఆదికాండము 15:6 చెబుతుంది. ఇందులో నీతిగా లెక్కకు వచ్చింది ఏది? అతని విశ్వాసమేనా, లేక విశ్వాసం ద్వారా అతనికి దక్కిన మరొకరి నీతా? యాకోబు 2:21-24 కూడా ఇదే వచనాన్ని ఎత్తి, అబ్రాహాము (అబ్రాముకు తర్వాత వచ్చిన పేరు) క్రియల వల్ల నీతిమంతుడని తీర్పు పొందాడంటాడు. తరగతిలో రెండు భాగాలూ చదవాలి. మీరైతే ఎలా బోధిస్తారు?

శాలేము
క్రియలు లేకుండా విశ్వాసం వల్లనే మనిషి నీతిమంతుడని తీర్చబడతాడనే రోమా 3:28 చదివించండి, చాలు.

కావలివాడు
అలాగైతే విశ్వాసం మాత్రం వల్ల కాదు, క్రియల వల్ల అనే యాకోబు 2:24 చదివించినా చాలు. ఒక్క వచనంతో తేలేదైతే ఆయన ఈ ప్రశ్న అడిగేవారే కాదు.

అంజూరపుచెట్టు
ముందు అబ్రాహాము వయసులు బోర్డు మీద రాయండి బ్రదర్. సగం చిక్కు అక్కడే విడిపోతుంది. హారాను విడిచినప్పుడు 75 ఏళ్లు (ఆది 12:4). ఇష్మాయేలు పుట్టినప్పుడు 86 (16:16). సున్నతి పొందినప్పుడు 99 (17:24). ఇస్సాకు పుట్టినప్పుడు 100 (21:5). నక్షత్రాలు లెక్కపెట్టమన్న 15వ అధ్యాయం ఇష్మాయేలు పుట్టుకకు ముందుది. అంటే దేవుడు నీతిగా ఎంచడానికీ సున్నతికీ మధ్య తక్కువలో తక్కువ 13 ఏళ్లు. ధర్మశాస్త్రమైతే వాగ్దానానికి 430 ఏళ్ల తర్వాత వచ్చిందని గలతీ 3:17. రోమా 4:10లో "సున్నతి కలిగియుండినప్పుడా, లేనప్పుడా?" అని పౌలు అడిగింది ఈ వరసను చూసే. వరస తెలియనివాళ్లకు ఆ ప్రశ్నలో బలం కనిపించదు.

ఇక మీ ప్రశ్న. విశ్వాసానికే ఒక విలువ ఉంది, ఆ విలువను చూసి దేవుడు నీతి ఇచ్చాడు అంటే రోమా 4:4 అడ్డం వస్తుంది. పని చేసినవాడికి వచ్చేది జీతం, అది దానం కాదు అంటాడక్కడ. విశ్వాసాన్ని ఒక గొప్ప పనిగా లెక్కగడితే మళ్లీ జీతం దగ్గరికే వచ్చాం. 5వ వచనం పని చేయనివాడి గురించి, భక్తిహీనుని నీతిమంతునిగా తీర్చే దేవుని గురించి మాట్లాడుతుంది. విశ్వాసం చాచిన చెయ్యి మాత్రమే, అందులో పడేది క్రీస్తు నీతి. 2 కొరింథీ 5:21, ఫిలిప్పీ 3:9 పక్కపక్కన పెట్టి చదివించండి. ప్రొటెస్టెంటు బోధను ప్రశ్న జవాబులుగా చెప్పే 1563 నాటి హైడెల్‌బర్గ్ ప్రశ్నోత్తరి 61వ ప్రశ్నకు జవాబులో నా విశ్వాసపు యోగ్యతను బట్టి దేవుడు నన్ను అంగీకరించడం లేదని తేల్చి చెప్పింది. 1646లో తయారైన వెస్ట్‌మిన్‌స్టర్ విశ్వాస ప్రమాణం 11వ అధ్యాయం కూడా నమ్మడమనే క్రియనే నీతిగా ఆరోపించడం కాదు అని ఆ దారి మూసింది.

కావలివాడు
ప్రమాణ పత్రాలు పక్కన పెట్టి కీర్తన 106:30-31 తెరవండి. ఫీనెహాసు లేచి తీర్పు జరిగించాడు, తెగులు ఆగింది, తరతరాలకు ఆ పని అతనికి నీతిగా ఎంచబడింది. ఆదికాండము 15:6లో చెప్పినట్టే ఇక్కడా చెప్పారు. ఎంచబడింది మాత్రం చేసిన పని. "పని నీతిగా ఎంచబడదు" అన్న మీ సూత్రానికి ఈ వచనంలో చోటెక్కడ?

అంజూరపుచెట్టు
చోటుంది. సంఖ్యాకాండము 25 చూడండి. ఆ తెగులులో 24,000 మంది చనిపోయారు. ఫీనెహాసు అహరోను మనవడు, యాజక వంశంవాడు, అప్పటికే నిబంధన లోపలి మనిషి. అతడు చేసిన ఒక పని సరైనదని దేవుడు తీర్పిచ్చాడు, నిత్య యాజకత్వ నిబంధన బహుమానంగా ఇచ్చాడు (25:12-13). రోమా 4:5 అడిగేది వేరు: నిర్దోషిగా నిలబడటానికి ఏ ఆధారమూ లేని పాపి దేవుని ముందు ఎలా నిలబడతాడు? ఒక పనిని మెచ్చుకోవడం వేరు, ఒక మనిషిని నిర్దోషి అనడం వేరు.

కావలివాడు
అయితే ఆదికాండము 15 నాటి అబ్రాము ఎక్కడివాడు? 12వ అధ్యాయంలోనే విశ్వాసాన్ని బట్టి విధేయుడై బయలుదేరాడని హెబ్రీ 11:8 అంటోంది. బలిపీఠాలు కట్టాడు, యెహోవా నామాన ప్రార్థన చేశాడు. 14:20లో మెల్కీసెదెకుకు పదోవంతు ఇచ్చాడు. దేవుణ్ణి వెంబడిస్తున్న మనిషి గురించే 15:6 కూడా మాట్లాడుతోంది. లోపలివాడు, బయటివాడు అని మీరు గీసిన గీత ఫీనెహాసును పక్కకు తప్పించడానికి గీసిందే తప్ప వచనంలో లేదు.

లుదియ
కావలివాడు గారు ఎత్తిన చోటు చాలా ముఖ్యమైనది. దాన్ని కథోలిక బోధ నుంచి చూస్తే ఇలా ఉంటుంది. 12, 15, 22 అధ్యాయాలు ఒకే మనిషి నీతిలో మూడు మెట్లు. 15లో ఎంచబడిన నీతి 22లో ఇస్సాకును అర్పించినప్పుడు సంపూర్ణమైంది, యాకోబు 2:22-23 చెప్పేది అదే. 1547 జనవరి 13న కథోలిక సంఘపు ట్రెంట్ మహాసభ 6వ సమావేశం ఈ విషయం మీద 16 అధ్యాయాలు, 33 నియమాలు ప్రకటించింది. వాటిని చదవకుండానే "కథోలికులు క్రియలతో రక్షణ కొనుక్కుంటారు" అంటుంటారు, అది నాకు బాధ కలిగిస్తుంది. మొదటి నియమమే వరప్రసాదం (దేవుని కృప) లేకుండా తన పనులతో నీతిమంతుడు కాగలనన్నవాణ్ణి ఖండిస్తుంది. విశ్వాసం గానీ క్రియలు గానీ, నీతిమంతునిగా తీర్చబడటానికి ముందు ఉన్నదేదీ ఆ వరప్రసాదాన్ని సంపాదించలేదని 8వ అధ్యాయం.

తేడా ఎక్కడంటే 7వ అధ్యాయంలో. దేవుడు నీతిమంతుడని పేరు పెట్టి ఊరుకోడు, పవిత్రాత్మ ద్వారా హృదయంలో ప్రేమను కుమ్మరించి నిజంగా నీతిమంతుణ్ణి చేస్తాడు. జ్ఞానస్నానం దానికి సాధనం. ఆ నీతి పెరుగుతుంది (10వ అధ్యాయం), చావైన పాపంతో, అంటే దేవునితో బంధాన్ని తెంచే ఘోర పాపంతో పోతుంది (15), పాపసంకీర్తనం ద్వారా తిరిగి దొరుకుతుంది (14). పశ్చాత్తాపం, పాపాలు ఒప్పుకోవడం, గురువు ఇచ్చే పాప విమోచనం, పరిహారం: ఇందులో ఏదీ వట్టి ఆచారం కాదు.

అంజూరపుచెట్టు
లుదియ గారూ, మీరు ట్రెంట్‌ను ఉన్నదున్నట్టు చెప్పారు, సంతోషం. కానీ అబ్రాము అప్పటికే విశ్వాసి అన్న మాట నా వైపే బలం. రోమా 4:6-8లో పౌలు తెచ్చిన రెండో సాక్షి దావీదు, 32వ కీర్తన. రాజైన దావీదు, ఏళ్లుగా దేవుణ్ణి ఎరిగినవాడు. అతడు తన ధన్యత ఎక్కడ వెతుక్కున్నాడు? ప్రభువు ఎవని మీద పాపం మోపడో వాడు ధన్యుడంటున్నాడు. ఏళ్ల తరబడి దేవునితో నడిచినవాడూ మొదటి రోజు నిలబడిన చోటే నిలబడాలి. లోపల పెరిగిన నీతి ఆధారమైతే దావీదు దాన్నే చూపించేవాడు. ఆ పెరుగుదలను మేమూ కాదనం, పరిశుద్ధపరచబడుట అంటాం. దాన్ని తీర్పుకు ఆధారం చెయ్యం, అంతే.

ఎమ్మాయు దారి
ఇద్దరూ ఇంత దూరం పోనక్కర్లేదేమో. 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో లూథరన్ ప్రపంచ సమాఖ్య, కథోలిక సంఘం కలిసి ఒక ఉమ్మడి ప్రకటన మీద సంతకం చేశాయి. మన యోగ్యత వల్ల కాక కృపవల్లనే, క్రీస్తు కార్యమందలి విశ్వాసంతో దేవుడు మనల్ని అంగీకరిస్తాడని అందులో ఇద్దరూ ఒప్పుకున్నారు. మెథడిస్టులు 2006లో చేరారు.

అంజూరపుచెట్టు
సంతకం పెట్టినా అడుగున ప్రశ్న అలాగే ఉంది. ఆధారం మన బయట ఉన్న క్రీస్తు నీతా, మన లోపల చేసిన నీతా? 1541లో రేగెన్స్‌బర్గ్‌లో కథోలికులు, ప్రొటెస్టెంట్లు ఇరువైపులవాళ్లూ ఈ అంశం మీద ఒక పాఠానికి ఒప్పుకున్నారు. రెండూ కలిపి రాసిన ఆ పాఠం లూథరుకూ నచ్చలేదు, రోముకూ నచ్చలేదు.

కావలివాడు
ఫీనెహాసును మళ్లీ దాటేశారు. పోయినసారి మత్తయి 25 చర్చలోనూ ఇంతే, నా పోస్టులో సగం తీసుకుని మిగతా సగం వదిలేశారు. ఇరుకున పడ్డ ప్రతిసారీ కొత్త వచనం తెస్తారు.

అంజూరపుచెట్టు
జవాబు పైన ఉంది, మీకు నచ్చలేదు. ఒక్క కీర్తన వచనాన్ని పట్టుకుని పౌలు అధ్యాయాన్నంతా మూసేస్తున్నారు. మీ బోధ వింటే సున్నితమైన మనసున్నవాళ్లకు ఏమవుతుందో తెలుసా? నా క్రియలు చాలా, నా పశ్చాత్తాపం నిజమైనదేనా అని తమ లోపలికే చూసుకుంటూ కుమిలిపోతారు. చావు పడక మీద ఉన్న మనిషికి చూపించడానికి మీ దగ్గర ఏముంది? అతని ఫీనెహాసు పనులా?

కావలివాడు
మీ బోధ వింటే గట్టి మనసున్నవాళ్లకు ఏమవుతుందో మీరు చెప్పండి. కూలివాళ్ల జీతం బిగబట్టినవాడు (యాకోబు 5:4 వాడి గురించే) ముందు వరసలో కూర్చుని "నేను ఎంచబడ్డాను" అంటాడు. భార్యను కొట్టేవాడూ అదే అంటాడు. ఒక ప్రార్థన వెంట వెంట చెప్పించి, ఇక నీకు తీర్పు లేదు అని పంపేశారు కదా! దేవుడు ఎవరి క్రియల ప్రకారం వారికి ప్రతిఫలమిస్తాడనే రోమా 2:6, 2:13 కూడా ఆ పౌలే రాశాడు. దెబ్బ తిన్నవాళ్లకు మీ ఆరోపిత నీతి (మన లెక్కలో వేసిన క్రీస్తు నీతి) ఏం సమాధానం చెబుతుంది? ఫీనెహాసును పట్టుకున్నది అందుకే. దేవుడు మనిషి చేసే పనిని చూస్తాడు అన్న మాట ఎవరో ఒకరు అనాలి.

అంజూరపుచెట్టు
ఇది ముందే చెప్పి ఉండాల్సింది మీరు. ఆ మనిషికి నేను నిశ్చయత ఇవ్వను. విశ్వాసంలో మూడు భాగాలున్నాయని పాతకాలం నుంచి బోధిస్తున్నారు: తెలియడం, ఒప్పుకోవడం, ఆనుకోవడం. మొదటి రెండూ దయ్యాలకూ ఉన్నాయి, యాకోబు 2:19. యాకోబు చచ్చినదన్నది మూడోది లేని విశ్వాసాన్ని. నీతిమంతునిగా తీర్చబడటానికి విశ్వాసం ఒక్కటే సాధనం, అయినా తీర్చబడినవాడిలో అది ఎన్నడూ ఒంటరిగా ఉండదని వెస్ట్‌మిన్‌స్టర్‌లోనే ఉంది. గలతీ 5:6 కూడా అంతే. జీతం బిగబట్టినవాడితో "నీ విశ్వాసమే అబద్ధం" అంటాను.

కావలివాడు
అంటే మీరూ పనులే చూస్తున్నారు.

అంజూరపుచెట్టు
గుర్తుగా చూస్తాను, ఆధారంగా కాదు. ఈ రెండూ తారుమారైతే రెండు వైపులా నష్టమే. గుర్తును తీసేస్తే మీరు చెప్పిన దుర్మార్గుడు తయారవుతాడు. గుర్తునే ఆధారం చేస్తే నేను చెప్పిన మనిషి కుమిలిపోతాడు.

లుదియ
మన అసలు తేడా ఇప్పుడు కనిపిస్తోంది. నేను వరప్రసాదం పొందానని తప్పు పొరపాటు లేని విశ్వాస నిశ్చయతతో ఎవరూ తెలుసుకోలేరు అని ట్రెంట్ 9వ అధ్యాయం. దేవుని దయను శంకించమని కాదు, మన బలహీనతను చూసుకుని భయపడవచ్చని అర్థం. అంజూరపుచెట్టు గారు రోమా 5:1, 8:33 చూపించి తీర్పు ఇప్పటికే వెలువడింది అంటారు. నిరీక్షణ ఉంచుకో, దివ్యసంస్కారాలను విడువకు, ప్రేమలో నిలిచి ఉండు అని మేమంటాం. ఫీనెహాసు కంటే ఇది పెద్ద ప్రశ్న.

వాక్యపాఠం
తరగతిలో నేను భయపడుతున్నదీ దీనికే. ఎవరో ఒకరు లేచి "నేను ఎంచబడ్డానో లేదో ఎలా తెలుస్తుంది?" అంటారు. ముందు ఏం అడగాలి, తర్వాత ఏం అడగాలి? వరస చెప్పండి.

అంజూరపుచెట్టు
మొదట, నిన్ను బాధపెడుతున్నది ఏమిటని అడగండి. పేరు పెట్టి చెప్పగల పాపమా, ఊరికే వచ్చే భయమా? భయమైతే అతని విశ్వాసం ఎంత బలమైనదో తూచకండి, అలా చేస్తే విశ్వాసమే మళ్లీ క్రియ అయిపోతుంది. నీ పక్షాన క్రీస్తు చేసింది చాలునా అని అడగండి, రోమా 4:24-25 చదవండి. లూకా 18:13-14లో సుంకరి (పన్ను వసూలు చేసేవాడు) రొమ్ము కొట్టుకుని "దేవా, పాపినైన నన్ను కరుణించుము" అన్నాడు. ఒక్క పైసా తిరిగి ఇవ్వకముందే నీతిమంతుడుగా తీర్చబడి ఇంటికి వెళ్లాడు.

కావలివాడు
పాపం పేరు చెప్పగలిగినవాడైతే లూకా 19 తెరవండి. జక్కయ్య కూడా సుంకరే, పైగా ముఖ్య సుంకరి. సంఖ్యాకాండము 5:7 ప్రకారం తప్పు ఒప్పుకున్నవాడు అసలుకు ఐదోవంతు కలిపి ఇస్తే సరిపోతుంది. ఇతడు ఆస్తిలో సగం బీదలకు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు అన్నాడు. ఆ మాట తర్వాతే ఈ ఇంటికి రక్షణ వచ్చిందన్నాడు ప్రభువు. ఎవరికి ఎంత బాకీ ఉన్నావో కాగితం మీద రాయమనండి. ఆ కాగితం రాయడానికి ఒప్పుకోనివాడికి ఏ శిక్షావిధీ లేదనే రోమా 8:1 చదివి పంపకండి.

శాలేము
19:6లో సంతోషంతో చేర్చుకున్నాడని ముందే ఉంది కదా. ఇవ్వడం 8లో.

కావలివాడు
రక్షణ అన్న మాట 9లో.

వాక్యపాఠం
18, 19 రెండూ పాఠంలో పెడుతున్నాను. ఇద్దరు సుంకరులు, పక్కపక్క అధ్యాయాలు.

అంజూరపుచెట్టు
లూకా రాసిన వరసలోనే చదివించండి, 18 ముందు.

కావలివాడు
ఒప్పుకుంటాను. 18 దగ్గర గంట కొట్టకుండా అదే రోజు 19:8 దాకా చదివించేట్టయితేనే.