సైనికుడి మీద క్రిమినల్ కేసు పడితే వకీలును ఎవరివ్వాలి: సైన్యమా, బయటివాళ్లా?

ఒంగోలు గిత్త (మారతహళ్లి)

పోయిన ఆదివారం హలసూరు చెరువు దగ్గర మన జిల్లావాళ్లం కలిసినప్పుడు మొదలైన వాదన ఇది. గొంతులు లేచాయి గానీ ఏదీ తేలలేదు. అందుకే ఇక్కడ పెడుతున్నాను.

మా తమ్ముడు ఆర్మీలో నాయక్. పదకొండేళ్ల సర్వీసు. స్టోర్‌లో డీజిల్ లెక్క తక్కువొచ్చిందని వాడి మీద కేసు. కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ, అంటే యూనిట్ లోపలి ప్రాథమిక విచారణ, అయిపోయింది. సమ్మరీ ఆఫ్ ఎవిడెన్స్, అంటే సాక్షుల వాంగ్మూలాలు, రాస్తున్నారు. సమ్మరీ కోర్ట్ మార్షల్ పెడతారని చెప్పారట, అంటే యూనిట్ కమాండింగ్ ఆఫీసర్ (సీవో) ఒక్కరే విచారించి తీర్పు చెప్పే సైనిక కోర్టు. మొన్న రాత్రి ఫోన్ చేసి, "అన్నా, ఒప్పేసుకుంటే చిన్న శిక్షతో పోతుందంటున్నారు, ఏం చేయమంటావు?" అన్నాడు. తియ్యలేదని నాతో ప్రమాణం చేసి చెబుతున్నవాడు ఒప్పుకోవడమేంటి? కానీ నేను సాఫ్ట్‌వేర్ పనివాణ్ణి. ఒప్పుకోవద్దని చెప్పి, రేపు వాడికి పెద్ద శిక్ష పడితే? ఆ రాత్రి నిద్రపోలేదు.

నా వాదన ఇది. సైనికుడి మీద నేరం మోపిన రోజు నుంచే ప్రభుత్వ ఖర్చుతో వకీలుండాలి. ఆ వకీలు అతని సీవో చేతి కింద మనిషి కాకూడదు. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

మాజీ సుబేదార్ (హలసూరు)

బాబూ, తమ్ముడి సంగతి విని మనసు బరువెక్కింది. అయినా నీ మాటతో నేను ఏకీభవించను. ఆదివారం కూడా ఇదే చెప్పాను.

నేను ఇక్కడి ఎంఈజీ (మద్రాస్ ఇంజనీర్ గ్రూప్) సెంటర్‌లోనే రిక్రూట్‌గా చేరి 28 ఏళ్లు చేశాను. సమ్మరీ కోర్ట్ మార్షల్‌లో సీవో పక్కన హాజరయ్యే ఇద్దరిలో ఒకడిగా కూర్చున్నాను కూడా. బయటి ప్లీడరుకు స్టోర్ లెడ్జర్ చదవడం రాదు. ఫలానా రాత్రి గార్డ్ కమాండర్ ఎవరో ఏ రిజిస్టర్‌లో దొరుకుతుందో తెలియదు. ఒకసారి డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్‌లో (కొందరు ఆఫీసర్లు కలిసి విచారించే సైనిక కోర్టు) ఒక డ్రైవర్ కుర్రాడు ఇరుక్కున్నాడు, నిర్లక్ష్యంగా నడిపి బండి పాడుచేశాడని. డిఫెండింగ్ ఆఫీసర్‌గా, అంటే ముద్దాయి తరఫున వాదించడానికి, వచ్చిన కెప్టెన్‌కు ఇరవై ఆరేళ్లుంటాయేమో. మూడు రాత్రులు యూనిట్ బండ్లుండే ఎంటీ గ్యారేజీలో కూర్చుని కార్ డైరీలన్నీ తిరగేశాడు. బ్రేకు పట్టడం లేదని ఆ కుర్రాడు ముందే రాయించిన ఎంట్రీ పట్టుకున్నాడు. కుర్రాడు నిర్దోషిగా బయటికొచ్చాడు. ఏ ప్లీడరు అలా కూర్చుంటాడు చెప్పు?

ఇంకొకటి. బయటి కోర్టులో వాయిదాల మీద వాయిదాలు. యూనిట్‌లో తప్పు జరిగితే మిగతా జవాన్లు చూస్తుంటారు, ఏం జరుగుతుందా అని. ఆలస్యమైతే క్రమశిక్షణ చెడుతుంది.

మేయోహాల్ లాయరమ్మ

సుబేదార్ గారూ, ఆ కెప్టెన్‌కు నా నమస్కారాలు. అలాంటివాళ్లు ఉంటారు, నేనూ చూశాను. కానీ మీరు చెప్పింది డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్ సంగతి. ఈ తమ్ముడిది సమ్మరీ. ఆ తేడాలోనే ఈ చర్చంతా ఉంది.

1954 ఆర్మీ రూల్స్‌లో 95వ రూల్ జనరల్, డిస్ట్రిక్ట్ కోర్ట్ మార్షల్‌కు వర్తిస్తుంది. అక్కడ ముద్దాయి లాయరును పెట్టుకోవచ్చు, డిఫెండింగ్ ఆఫీసర్‌ను కోరవచ్చు. కోర్టును ఏర్పాటు చేసే అధికారే నీకు ఆఫీసర్ కావాలా అని అడిగి, తగినవాణ్ణి వెతకాలి. సమ్మరీ దగ్గరికొస్తే 129వ రూల్. అక్కడ ముద్దాయి పక్కన ఒక మనిషి ఉండొచ్చు, లాయరైనా సరే. కానీ ఆ మనిషి నోరు విప్పి కోర్టుతో మాట్లాడకూడదు, సాక్షిని ప్రశ్నించకూడదు. ముద్దాయి చెవిలో సలహా చెప్పాలి, అంతే. తీర్పు చెప్పేది సీవో ఒక్కరే. మీలా పక్కన కూర్చున్న ఇద్దరికీ ప్రమాణం ఉండదు, ఓటూ ఉండదు. ఆ సీవో లెఫ్టినెంట్ కల్నల్ గానీ ఆ పైహోదా గానీ అయితే ఏడాది దాకా జైలు వేయొచ్చు, సర్వీసు నుంచి డిస్మిస్ చేయొచ్చు.

రంజిత్ ఠాకూర్ కేసు చదవండి. సిగ్నల్స్‌లో జవాను. తనను బాధపెడుతున్నారని పైఅధికారులకు నేరుగా అర్జీ రాసుకున్నందుకు 28 రోజుల కఠిన శిక్ష పడింది. ఆ శిక్షలో ఉండగా అన్నం తినమన్న ఆజ్ఞ పాటించలేదని సమ్మరీ కోర్ట్ మార్షల్ పెట్టి, ఏడాది జైలు వేసి డిస్మిస్ చేశారు. ఎవరి మీద అర్జీ రాశాడో ఆ అధికారే ఆ కోర్టులో కూర్చున్నాడు. 1987లో సుప్రీంకోర్టు అదంతా కొట్టేసింది, పక్షపాతం ఉందనీ, నేరానికీ శిక్షకూ పొంతన లేదనీ. కానీ అక్కడిదాకా వెళ్లగలిగే జవాన్లు ఎందరు? మొదటి రోజే చట్టం తెలిసిన మనిషి ఒకరు పక్కనుంటే ఆ అభ్యంతరం ఆ రోజే కాగితం మీదికి వచ్చేది.

గిత్త గారూ, తమ్ముడికి ఇవాళే చెప్పండి. ఒప్పుకుంటే చిన్న శిక్ష అని ఎవరు చెప్పినా దానికి చట్టంలో విలువ లేదు. ఒప్పుకోలు రాసుకునే ముందు ఆరోపణ ఏంటో, ఒప్పుకుంటే ఏమవుతుందో వివరించాలని 115(2) రూల్ చెబుతోంది. డిస్మిస్ అయితే పెన్షన్‌కు కావలసిన 15 ఏళ్లు కూడా నిండవు.

పన్ను కట్టేవాణ్ణి

జవాన్లంటే నాకూ గౌరవమే. కానీ పోయింది ప్రభుత్వ డీజిల్. తీశాడని ఆరోపణ ఉన్నవాడికి మళ్లీ ప్రభుత్వమే ఫీజు కట్టి లాయరును పెట్టాలా? నెలనెలా జీతం వస్తుంది కదా, అందులోంచి పెట్టుకోమనండి.

సిక్కోలు ఆడపడుచు

జీతం వస్తుంది కదా అన్న అన్నయ్యకు నా సంగతి చెప్పాలి.

మా ఆయన సెలవు మీద ఊరొచ్చారు. పొలం గట్టు దగ్గర మా బావగారికీ పక్క చేనువాళ్లకూ గొడవ. ఈయన విడదీయడానికి వెళ్లారు. అవతలి మనిషి తలకు దెబ్బ తగిలింది. బెయిలు దొరకని సెక్షన్ పెట్టి అందరితోపాటు ఈయన్నీ తీసుకెళ్లారు. పంతొమ్మిది రోజులు సబ్‌జైల్లో ఉన్నారు. ఈలోపు సెలవు అయిపోయింది. ఫలానా జైల్లో ఉన్నారని యూనిట్‌కు ఎవరూ చెప్పలేదు. నేను బెంగళూరులో చిన్నపిల్లతో ఉన్నాను, ఎవరికి ఫోన్ చేయాలో కూడా తెలియదు. వాళ్ల లెక్కలో ఆయన సెలవు దాటిన మనిషి. తర్వాత నెల జీతం రాలేదు. నల్లపూసలు తప్ప ఉన్న బంగారమంతా తాకట్టు పెట్టాను.

కోర్టు ఇచ్చిన ఉచిత లాయరు గారు మంచివారే. బెయిలు ఆయనే తెచ్చారు. కానీ సైనికుడి కేసు వేరుగా నడుస్తుందని ఆయనకూ తెలియదు. యూనిట్‌కు వెళ్లాక అక్కడి వాళ్లు, కేసు కోర్ట్ మార్షల్‌కు అడగవచ్చేమో అన్నారు. అప్పటికే ఇక్కడ ఛార్జి ఫ్రేమ్ అయిపోయింది. ఊళ్లో లాయరుకు యూనిట్ తెలియదు, యూనిట్‌కు ఊరి కోర్టు తెలియదు. మధ్యలో కాగితాలు పట్టుకుని తిరిగింది నేను. లాయరు సైన్యం మనిషా, బయటి మనిషా అన్నది నాకు అనవసరం. ఫైలు మొదటి నుంచి చివరిదాకా ఒక్కరి దగ్గర ఉంటే చాలు.

మేయోహాల్ లాయరమ్మ

అమ్మా, నీ చివరి మాట నేను ఇప్పటిదాకా చెప్పినదానికంటే గట్టిది. ఇలాంటి కేసుల్లో ఏం జరగాలో చెబుతాను, ఇంకెవరికైనా పనికొస్తుంది.

హత్య, హత్య కిందికి రాని నరహత్య, అత్యాచారం: బయటివ్యక్తి మీద జరిగిన ఈ మూడు నేరాలూ మామూలు రోజుల్లో కోర్ట్ మార్షల్‌కు వెళ్లవు, ఆర్మీ యాక్ట్ 70వ సెక్షన్ ప్రకారం. మిగతావాటిలో రెండు కోర్టులకూ అధికారం ఉంటే, ఎక్కడ విచారించాలో 125వ సెక్షన్ కింద సైన్యాధికారి నిర్ణయించవచ్చు. అందుకే ఈ రెండు కోర్టుల అధికార పరిధి గురించిన 1978 నిబంధనలు మేజిస్ట్రేట్ ముందుగా సీవోకు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలంటాయి. ఆ తర్వాత 15 రోజులు ఆగకుండా ఛార్జి ఫ్రేమ్ చేయకూడదు. మీ ఫైల్లో ఆ నోటీసు ఉందో లేదో చూడమ్మా. లేకపోతే మీ లాయరు గారితో ఆ ముక్క చెప్పు.

పన్ను గారికి. ఏడో పే కమిషన్ లెక్కన రెగ్యులర్ సిపాయి ప్రారంభ మూల వేతనం 21,700. మిలిటరీ సర్వీస్ పే 5,200. డీఏ కలపకుండానే ఏడాదికి 3 లక్షల 22 వేల పైచిలుకు. ఉచిత న్యాయ సహాయానికి ఆదాయ పరిమితి సుప్రీంకోర్టులోనే 5 లక్షలు, చాలా రాష్ట్రాల్లో అంతకంటే తక్కువ. అంటే ఆదాయం లెక్కన జవాను చాలాచోట్ల అర్హుడు కాడు. అదే సమయంలో ఆర్మీ యాక్ట్ 93వ సెక్షన్ కింద కస్టడీలో ఉన్నవాడి జీతం మొత్తం ఆపేయొచ్చు. కాగితం మీద ఆదాయం ఉంటుంది, చేతిలో రూపాయి ఉండదు. ఇక నేరం రుజువు కాకముందే దొంగ అనుకోవడం సంగతి: 1986లో సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు, పేద ముద్దాయికి ఉచిత లాయరు హక్కు ఉందని చెప్పకుండా జరిపిన విచారణ చెల్లదంది. అడగలేదు కాబట్టి ఇవ్వలేదన్న సాకు కూడా ఒప్పుకోలేదు.

1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్‌లో కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో పని లేదు. 2వ సెక్షన్‌లో కోర్టు అన్న మాటకు ట్రైబ్యునల్, న్యాయాధికారం చెలాయించే ఏ సంస్థ అయినా వస్తుంది. కోర్ట్ మార్షల్ ఎందుకు రాదు? వస్తుందనే నా వాదన. 2025లో నల్సా (జాతీయ న్యాయసేవల సంస్థ) పెట్టిన వీర్ పరివార్ సహాయతా యోజన మంచిదే. కానీ అది ప్రధానంగా జవాను సరిహద్దులో ఉండగా ఇంటి దగ్గర నడిచే తగాదాలకు ఆసరా.

బ్రిటన్‌లో సాయుధ దళాల క్రిమినల్ న్యాయ సహాయానికే ఒక విభాగం ఉంది. డబ్బు రక్షణ శాఖది. ముద్దాయి అర్జీ చూసి, ఆదాయాన్నిబట్టి కొంత వాటా అతని దగ్గర తీసుకుని, బయటి లాయరుకు ఫీజు చెల్లిస్తుంది. అమెరికా సైన్యంలో డిఫెన్స్ లాయర్లు యూనిఫాంలోనే ఉంటారు, కానీ ముద్దాయి కమాండర్ కింద ఉండరు. మనకు ఈ రెండింటిలో ఏదీ లేదు.

మాజీ సుబేదార్ (హలసూరు)

సైనికుడి కేసు వాయిదా వేయించే చట్టం 1925 నుంచీ ఉంది కదమ్మా?

మేయోహాల్ లాయరమ్మ

ఉంది సార్. అది సివిల్, రెవెన్యూ కోర్టులకే. క్రిమినల్‌కు కాదు.

మాజీ సుబేదార్ (హలసూరు)

ఆ ఆడపడుచు రాసింది రెండుసార్లు చదివాను. మా రోజుల్లో సెలవు దాటినవాడు ఎందుకు దాటాడో మేమూ వెంటనే కనుక్కోలేదు. అది మా తప్పే.

అయినా ఒక మాట వదలను. పదిహేను వేల అడుగుల ఎత్తులో పోస్టు, అక్కడి యూనిట్‌లో విచారణ. ఏ బయటి లాయరు వస్తాడు? వచ్చినా ఆపరేషన్ కాగితాలు ఆయన చేతిలో పెట్టగలమా? జాగ్ బ్రాంచ్ (సైన్యం న్యాయ విభాగం) నుంచి రిటైరైన ఆఫీసర్లు హైదరాబాద్‌లో, ఇక్కడ, చెన్నైలో ఎంతోమంది ఉన్నారు. వాళ్ల ప్యానెల్ పెట్టండి, జీతం సైన్యమే ఇవ్వాలి. వాళ్లకు లెడ్జరూ తెలుసు, రూలూ తెలుసు.

మేయోహాల్ లాయరమ్మ

ప్యానెల్‌కు ఒప్పుకుంటాను. ఎవరు ఏ కేసు చూడాలో సైన్యం నిర్ణయిస్తే మాత్రం ఒప్పుకోను. ఆ పని న్యాయసేవా సంస్థ చేతిలో ఉండాలి. కేసు అప్పగించేవాడి చెయ్యి ఏదైతే, లాయరు కన్ను అటే ఉంటుంది. ఇక సమ్మరీలో ఆ లాయరుకు నోరు తెరిచే హక్కు ఇవ్వకపోతే ఎవరిని పెట్టినా ఒకటే. ముందు 129వ రూల్ మారాలి.

మాజీ సుబేదార్ (హలసూరు)

సీవో ముందు లాయరు వాదిస్తే అది సమ్మరీ ఎలా అవుతుందమ్మా? దాని అవసరమే వెంటనే తేల్చడం. ఇక్కడ మనిద్దరికీ కుదరదు.

ఒంగోలు గిత్త (మారతహళ్లి)

తమ్ముడితో మాట్లాడాను. ఒప్పుకోనన్నాడు. సుబేదార్ గారు నిన్న సాయంత్రం నాకు ఫోన్ చేసి, డీజిల్ ఇష్యూ వోచర్లు, ఆ నెల డ్యూటీ రోస్టర్ కాపీలు కావాలని ఏ మాటల్లో అడగాలో హిందీలో చెప్పి రాయించారు. లాయరమ్మ గారు ఇంకో లైను చేర్చారు: ఛార్జి తెలియజేశాక 96 గంటలు గడవకుండా విచారణ మొదలుపెట్టకూడదని. అది 34వ రూల్, యాక్టివ్ సర్వీస్‌లో ఉంటే 24 గంటలేనట. తప్పనిసరి అని 2009లో సుప్రీంకోర్టు ఏ.కె.పాండే కేసులో చెప్పిందట. సమ్మరీలో పక్కన కూర్చోవడానికి జాగ్‌లో చేసి రిటైరైన ఒక మేజర్ గారు ఒప్పుకున్నారు. ఆయన ప్రయాణ ఖర్చులు నేనే పెట్టుకుంటున్నాను. అన్న ఉద్యోగం చేస్తున్నాడు కాబట్టి సరిపోయింది. వాడి బ్యారక్‌లో మిగతా కుర్రాళ్ల అన్నలు కూలికి వెళ్తారు.

రేపు రాత్రి రైలు ఎక్కుతున్నాను. వచ్చాక ఏం జరిగిందో ఇక్కడే రాస్తాను.