"న కాలనియమః సేతౌ": రామేశ్వరంలో స్నానానికి తిథి చూడాలా?

వరంగల్ నుంచి ప్రశ్న:
వచ్చే నెల ఇంటిల్లిపాదీ రామేశ్వరం పోతున్నాం. దొరికిన టికెట్ల ప్రకారం గుడి ముందున్న సముద్రంలో, అంటే అగ్నితీర్థంలో స్నానం సప్తమి నాడు పడుతోంది. మా నాయనమ్మకు అదే టెన్షన్. "అమాసకో పున్నానికో తప్ప సముద్రాన్ని ముట్టద్దు" అంటుంది. ఆమెకు ఈ శ్లోకం నోటికి వచ్చు:

అశ్వత్థసాగరౌ సేవ్యౌ న స్ప్రష్టవ్యౌ కదాచన
అశ్వత్థం మందవారే చ సాగరం పర్వణి స్పృశేత్
న కాలనియమః సేతౌ సముద్రస్నానకర్మణి

మొదటి రెండు వరసలు ఆమే వివరించింది. మూడోదాని దగ్గర ఇద్దరం ఆగిపోయాం. "సాగరౌ" ద్వివచనం కదా, "సేతౌ" కూడా అంతేనా? ఆ రెండు సేతువులు ఏవి? పాత పాంబన్ వంతెన, కొత్త పాంబన్ వంతెనా?

హన్మకొండ నుంచి జవాబు:
తమ్ముడూ, వంతెనలే లెక్కపెడితే 1914 నాటి రైలు వంతెన, 1988లో వచ్చిన రోడ్డు వంతెన, 2025 ఏప్రిల్‌లో మొదలైన కొత్త రైలు వంతెన, మొత్తం మూడు. అప్పుడు ద్వివచనం చాలదు, "సేతవః" అనాల్సి వస్తుంది.

సాగర అకారాంతం, దాని ద్వివచనం సాగరౌ. సేతు ఉకారాంతం, దాని ద్వివచనం సేతూ. ఇక్కడున్న "సేతౌ" సప్తమీ విభక్తి ఏకవచనం. గురు శబ్దానికి "గురౌ" వచ్చినట్టే. అంటే "సేతువు దగ్గర", రాముడు కట్టిన వారధి దగ్గర. నీ తిథీ సప్తమే, ఆ విభక్తీ సప్తమే! తెలుగులో ద్వివచనం లేదు కాబట్టి చివర "ఔ" కనబడితే చాలు, మనం రెండు అనేసుకుంటాం.

ఇప్పుడు మొత్తం చూడు. రావిచెట్టునూ సముద్రాన్నీ కొలవాలి, ఎప్పుడు పడితే అప్పుడు ముట్టుకోకూడదు. చెట్టును మందవారం, అంటే శనివారం ముట్టుకోవచ్చు. శని మెల్లగా నడుస్తాడు కాబట్టి మందుడు. సూర్యుణ్ణి ఒకసారి చుట్టి రావడానికి ఆయనకు దాదాపు 29న్నర ఏళ్లు పడుతుంది. సముద్రాన్ని పర్వంలో ముట్టుకోవచ్చు. పర్వం అంటే అసలు కణుపు. పక్షానికీ పక్షానికీ మధ్య కణుపు అమావాస్య, పున్నమి. పర్వదినంలో ఉన్నదీ, భారతంలో ఆదిపర్వం అన్నప్పుడు ఉన్నదీ ఆ మాటే. ఇక మూడో వరస మినహాయింపు: సేతువు దగ్గర సముద్రస్నానానికి కాలనియమం లేదు. నాయనమ్మ నేర్చుకున్న శ్లోకంలోనే ఆమెకు జవాబు ఉంది.

కరీంనగర్ నుంచి:
ఈ నియమం వెనక సైంటిఫిక్ రీజన్ ఉంది సార్. మామూలు రోజుల్లో సముద్రం ప్రమాదమని పెద్దలు అలా పెట్టారు.

హన్మకొండ:
నాకు ఎక్కదు. చంద్రుడు, సూర్యుడు ఒకే వరసలోకి వచ్చే అమావాస్య, పున్నములకే పోటు ఎక్కువ. జాగ్రత్త కోసమే పెట్టి ఉంటే ఆ రెండు రోజులే వద్దనాలి. ప్రతి ఆచారానికీ ఒక సైన్సు అతికించడం మనకు ఈమధ్య పట్టిన జబ్బు. ఏ ఆసరా లేకుండానే శ్లోకం చదువుకోవచ్చు.

జగిత్యాల నుంచి:
మా ధర్మపురిలో గోదావరి తానానికి ఎవరూ తిథి అడగరు, అందుకే ఈ శ్లోకం నేను వినలేదు. ఒక డౌట్. సేతువంటే రామేశ్వరం దీవి చివరనున్న ధనుష్కోటి కదా, గుడి ముందున్న అగ్నితీర్థానికి ఈ మినహాయింపు వర్తిస్తుందా?

హన్మకొండ:
మంచి ప్రశ్న అక్కా. స్కాందపురాణంలోని సేతుమాహాత్మ్యం అగ్నితీర్థాన్నీ ధనుష్కోటినీ రెండింటినీ సేతుక్షేత్ర తీర్థాల్లోనే చెప్పింది. కాబట్టి వర్తిస్తుందనే నా అభిప్రాయం. అన్నట్టు ధనుష్కోటిలో కోటి నూరు లక్షలు కాదు, వింటి కొన. తమిళంలో ట, డ లకు ఒకే అక్షరం, అందుకే మనవాళ్లు ధనుష్కోడి అని కూడా రాస్తారు. 1964 డిసెంబరు తుపానుకు ఆ ఊరు కొట్టుకుపోయింది, ఇప్పుడు శిథిలాలే చూసి వస్తారు.

ఇంకొకటి. శ్లోకం తీసేసింది కాలనియమాన్ని మాత్రమే, మిగతా పద్ధతులు ఉన్నాయి. ముందు అగ్నితీర్థంలో మునగాలి, ఆ తడిబట్టలతోనే గుడిలోని 22 తీర్థాలకు పోవాలి, ఆ తర్వాత పొడిబట్టలు కట్టుకుని దర్శనం. ఆ తీర్థాలు ఎక్కువగా బావులే, బకెట్లతో తోడి నెత్తిన పోస్తారు. నేలంతా తడిగా ఉంటుంది, నాయనమ్మ చేయి వదలకు.

వరంగల్:
చాలా థ్యాంక్స్ అన్నా. చదివి వినిపించిన. "మరి వచ్చేటప్పుడు మద్రాసు సముద్రంల?" అంటుంది. అక్కడ ఒక పూట ఆగుతున్నాం.

హన్మకొండ:
అది సేతువు కాదు, రెండో వరసే వర్తిస్తుంది. ఆ రోజు తిథి ఏమిటో చూసుకో. పర్వమే అయినా మెరీనాలో దిగనివ్వకు, అక్కడ అలలు లోపలికి లాగేస్తాయి. ఒడ్డున నిలబడి దండం పెట్టుకోమను, "సేవ్యౌ" అన్నారు కదా.